ముప్పయ్యొకటి దాటితే

భారతీదేవిగారు వరస చివరనున్న లావుపాటి టేకు చెట్టు మీద చెయ్యి వేసి, “అన్నిట్లోకీ పాతది ఇదే కదండీ మేస్త్రిగారూ?” అని అడిగారు.

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. అందుకని ఆవిడ దాన్ని అవుననే అనుకున్నారు.

“అయితే ఇదే కోయండి,” అన్నారు.

ఆ గట్టు మీద పద్నాలుగు టేకు చెట్లున్నాయి. ఆవిడ చెయ్యి వేసింది వయసులో అన్నిట్లోకీ చిన్నది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ముందు తగాదా చెప్పాలి. నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే దారిలో లోపలికి ఉంటుంది మా ఊరు. అంతా మెరక. బోరు ఉన్నవాడికి మిరప, లేనివాడికి కంది. వరప్రసాదరావుగారు, భవానీప్రసాద్‌గారు అన్నదమ్ములు. 1994 వేసవిలో పొలం పంచుకున్నారు. తెల్లకాగితం మీద పెద్దమనుషులు రాసిన పంపకాల్లో హద్దు ‘నడిమి గట్టు’ అని ఉంది. ఆనాటి పెద్దమనుషుల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. అక్కడ గట్లు మాత్రం రెండున్నాయి. ఒకటి టేకు చెట్లున్న గట్టు. రెండోది దానికి ఇరవై గజాల దూరంలో, తమ్ముడి చేలోకి వచ్చాక, అరిగిపోయి కాలికి తగిలీ తగలనట్టుండే పాత గట్టు. ఈ రెండింటి మధ్యా బోరు ఉంది.

బోరు వేసింది తమ్ముడు. టేకు గట్టే హద్దని, బోరు తన చేలోనే ఉందని ఆయన వాడుకున్నారు. ఆయన ఉన్నంతకాలం అన్నగారు నోరెత్తలేదు. తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. పోయినేడు అన్నగారి బోర్లు రెండూ ఎండిపోయాయి. అప్పట్నుంచి హద్దు ఆ అరిగిన గట్టని మొదలుపెట్టారు. పంపకాలయ్యాక తమ్ముడు అన్న చేలోకి ఇరవై గజాలు జరిగి కొత్త గట్టు పోసి దాని మీద టేకు నాటాడని, కాబట్టి బోరు తన నేలలో ఉందని అన్నగారి వాదన. తమ్ముడి భార్య భారతీదేవిగారేమో, ఆ టేకు మొక్కలు పంపకాలకి ఐదేళ్ల ముందే, తన పెళ్లైన ఏడాదే నాటారని, బిందెతో నీళ్లు తనే పోశానని అంటారు. ఆవిడ మూడెకరాల మిరప ఆ బోరు కిందే ఉంది. వానలు వెళ్లిపోయాక బోరు లేకపోతే ఆ మెరకలో మిరప నెల రోజులు ఆగదు.

ఎవరి మాట నిజమో ఊళ్లో నా వయసువాళ్లకి చాలామందికి తెలుసు. వరప్రసాదరావుగారి ముందు చెప్పడానికి ఎవరూ లేరు.

నందిగామ కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పి రిటైరైన పార్థసారథి మాస్టారు మధ్యవర్తిగా వచ్చారు. ఆయనకి ఇటూ అటూ చుట్టరికం లేదు. రెండు పక్కలా విని, “ఇందులో సాక్షులెందుకండీ? చెట్టు కోస్తే దాని వయసు తెలుస్తుంది. 1994 వానాకాలం నుంచి ఈ 2024 దాకా లెక్క వేస్తే ముప్పయ్యొక్క ఏళ్లు. చెట్టులో వలయాలు ముప్పయ్యొకటి దాటితే అది పంపకాలకి ముందే ఉన్నట్టు. దాటకపోతే తర్వాత నాటినట్టు. అంతే కదా?” అన్నారు.

వరప్రసాదరావుగారు కాసేపు గడ్డం రుద్దుకుని ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. ఒక్క చెట్టు, ఒక్క లెక్క, రెండో మాట లేదు. టేకు కొట్టడానికి పర్మిషను కూడా ఒక్క చెట్టుకే వచ్చింది. “ఏ చెట్టో నువ్వే ఎంచుకో అమ్మాయ్. రేపు నేనేదో మాయ చేశాననొద్దు,” అన్నారు. మాస్టారు కాగితం రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. కోయించి చుట్లు లెక్క చూడటానికి నన్ను పిలిచారు. జగ్గయ్యపేట కలప అడితిలో నలభై ఏళ్లు కోత పని చేశాను కాబట్టి ఆ పనికి ఇంకొకరి పేరు ఎవరూ అనుకోలేదు.

భారతీదేవిగారు పద్నాలుగు చెట్లకీ చీరచెంగుతో చుట్టుకొలతలు చూసి, లావుదే పాతదని ఎంచుకున్నారు. ఎవరైనా అలాగే ఎంచుకుంటారు.

1999 వేసవిలో మా పెంకుటింటి దూలం చెద పట్టి నడుం వంగింది. దాని కింద నిలబెట్టడానికి ఒక గుంజ కావాలి. తొలకరి రాకముందే కావాలి. భవానీప్రసాద్‌గారు అప్పుడు కామెర్లతో మంచం మీద ఉన్నారు. అడిగితే ఇచ్చేవారేమో. నాకు అడగడం రాదు. మిట్టమధ్యాహ్నం, పొలాల్లో మనిషి కనపడని ఎండలో వెళ్లి, వరస చివరి చెట్టుని నేలకి సమానంగా కోసి, మొదలు మీద మట్టి కప్పి ఎండుటాకులు పోసి వచ్చాను. ఇంటికి తెచ్చాక అలవాటు కొద్దీ చుట్లు లెక్కపెట్టాను. పది. అంటే ఆ మొక్కలు 1989లో నాటినవి. భారతీదేవిగారు చెప్పేది అక్షరాలా నిజం.

టేకుని మొదట్లో కోస్తే చావదు. తొలి వానకి మోడు పక్క నుంచి పిలక లేస్తుంది. వేళ్లు పదేళ్లవి, పిలక ఆ యేటిది. అంత వేరు కింద ఉంటే ఒక్క పిలక ఎంత తిని ఎంత లేస్తుందో చెప్పక్కర్లేదు. మూడేళ్లకి వరసలో కలిసిపోయింది. పదిహేనేళ్లకి అన్నిటికంటే లావైంది. మంచం దిగి పొలానికొచ్చిన భవానీప్రసాద్‌గారు ఆ చెట్టు ఏమైందనుకున్నారో ఏమో, ఇంట్లో చెప్పినట్టు లేదు, నన్నేనాడూ అడగలేదు. ఆ తర్వాత కూడా ఏ కర్ర కొట్టించినా కోతకి నా దగ్గరికే పంపేవారు.

కాబట్టి భారతీదేవిగారు చెయ్యి వేసిన చెట్టుని కోస్తే ముప్పయ్యారు చుట్లు కనపడవు. పిలక పుట్టిన ఏడాది నుంచే కనపడతాయి.

“అది వద్దమ్మా” అంటే చాలు. ఎందుకని అడుగుతారు. డెబ్బయ్యొక్క ఏళ్ల వయసులో, నలుగురి మధ్యా, అన్నం పెట్టిన ఇంటి చెట్టు కోసుకుపోయానని చెప్పాలి. అంతకంటే తేలిక దారి ఒకటి తోచింది. లెక్కపెట్టేది నేనే. చిత్రిక పట్టి, కళ్లజోడు పెట్టుకుని, ముప్పయ్యారు అంటాను. సరిచూసేవాడెవడు? ఆ గట్టు వయసు నిజంగా ముప్పయ్యారేళ్లే. ఆవిడ బోరు ఆవిడకుంటుంది, నా పరువు నాకుంటుంది. అలా అనుకుని నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నవీన్‌బాబు కోత మిషను భుజాన వేసుకుని వచ్చాడు. చుట్టుపక్కల నాలుగూళ్లకీ చెట్లు కొట్టేది ఇప్పుడతనే.

“ఏం మేస్త్రీ, నీ రంపం ఏదీ? పింఛనుకి పంపించావా?” అన్నాడు.

“బెత్తెడు ఎత్తున కొయ్యి,” అన్నాను.

“పొద్దున్నుంచీ ఇదే మొదటి మాటండీ ఈయన ఆడింది. ఇక రేపటికి ఇంకోటి,” అన్నాడు జనంతో. నవ్వారు.

చెట్టు పడింది. మొదలు దగ్గర నాలుగు వేళ్ల మందాన బిళ్ల కోయించాను. గట్టు పక్కన బల్ల మీద పెట్టి చిత్రిక పట్టాను. ఉప్పుకాగితంతో రుద్దాను. ఊళ్లోంచి ఇరవైమంది దాకా వచ్చారు. వరప్రసాదరావుగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాను. అప్పుడు మాస్టారు లేచారు.

“ఒక్కడు లెక్కపెట్టి చెబితే రేపు ఇంకొకడు కాదంటాడండీ. అందుకని ముందు అందరికీ నేర్పిద్దాం. ఆ తర్వాత ఎవరి లెక్క వాళ్లే పెట్టుకోండి. నాకు తెలిసింది పుస్తకంలో ముక్క. చేత్తో చేసినవాడు మేస్త్రి. అతనే చెబుతాడు. చెప్పు మేస్త్రీ, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పు.”

నా ఎత్తు అక్కడే పోయింది. నేర్పకుండా ఉండటానికి దారి లేదు. తప్పు నేర్పితే మాస్టారు పక్కనే ఉన్నారు.

“ఇది బెరడు,” అన్నాను. “దీని కింద తెల్లకర్ర. లోపల ముదురు రంగుది చేవ. చేవ ఎంతుందో చూసి వయసు చెప్పకూడదు. చుట్లు చూడాలి.”

“చుట్లంటే ఈ గీతలేనా?” భారతీదేవిగారు ముందుకొచ్చి వంగారు.

బిళ్ల మీద చెంబుతో నీళ్లు చిలకరించాను. తడికి చుట్లు పైకి తేలాయి.

“గీతలు కాదమ్మా, ముందు చిల్లులు చూడండి. సూదితో పొడిచినట్టు ఒక వరస ఉందా? తొలకరికి టేకు చిగురేస్తుంది. అప్పుడు నీళ్లు ఎక్కువ లాగాలి. అందుకని పెద్ద చిల్లులతో లేత కర్ర కడుతుంది. వానలు వెనకబడే కొద్దీ చిల్లులు సన్నబడి కర్ర గట్టిపడుతుంది, రంగు ముదురుతుంది. ఎండల్లో ఆకు రాల్చి ఊరుకుంటుంది. మళ్లీ తొలకరికి మళ్లీ పెద్ద చిల్లులు. ఈ చిల్లుల వరస నుంచి ఆ చిల్లుల వరస దాకా ఒక ఏడాది.”

“తాడిచెట్టుకీ ఇంతేనా?” వెనక నుంచి ఎవరో అడిగారు.

“తాడికి చుట్లుండవు, పీచే. వేపకీ చింతకీ ఉన్నా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. టేకు తేటగా చూపిస్తుంది.”

“ఎటు నుంచి లెక్కపెట్టాలి? మధ్యలోంచా?”

“బెరడు నుంచి లోపలికి. బెరడు కిందది ఈ యేటిదని మనకి తెలుసు. మధ్యలోది ఏ యేటిదో తెలీదు కదా, తెలిసినచోట మొదలుపెట్టి తెలియనిచోటికి పోవాలి.”

వానలు బాగా పడిన ఏడాది చుట్టు వెడల్పుగా ఉంటుందని, కరువు ఏడాది దారమంత అవుతుందని చూపించాను. ఒకచోట ఒక గీత చుట్టూ తిరక్కుండా సగంలో ఆగిపోయింది. ఎండాకాలంలో తుపాను వాన పడితే చెట్టు తొలకరి వచ్చిందనుకుని మేల్కొంటుంది, మళ్లీ ఎండలకి ఆగిపోతుంది, ఆ గీతని ఏడాదిగా పట్టుకోకూడదు అన్నాను. అందుకే ఒక్క పక్క నుంచి కాక రెండు పక్కల నుంచీ లెక్కపెట్టి చూసుకోవాలన్నాను.

“మరి ఇది అబద్ధం చెప్పదు కదా?” అన్నారు వరప్రసాదరావుగారు. ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరిగి ఉంది.

“కర్ర అబద్ధం చెప్పదండి,” అన్నాను.

అంతసేపు నేను నా పెళ్లినాడు కూడా మాట్లాడలేదు. ఇరవైమంది నోరెత్తకుండా విన్నారు. కాలేజీలో పాఠం చెప్పిన మాస్టారు తలూపుతూ విన్నారు. నాకు బాగానే ఉంది. ఏం జరగబోతుందో మరిచిపోయేటంత బాగా ఉంది.

తర్వాత ఒక్కొక్కళ్లూ వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు నవీన్‌బాబు నిటారుగా లేచాడు.

“యాభై రెండు!”

భారతీదేవిగారి మొహం ఒక్కసారిగా వెలిగింది. “యాభై రెండా? నేను ముప్పయ్యారే అనుకున్నా కదా. పోన్లెండి, ముప్పయ్యొకటి దాటింది, అది చాలు!” అన్నారు.

తప్పని నేనే అన్నాను. మాస్టారు అనేదాకా కూడా ఆగలేదు. తప్పు కోత కళ్లబడితే చెయ్యి దానంతటదే పోయినట్టు నోరు తెరుచుకుంది.

“లేతదొకటి ముదురుదొకటి విడివిడిగా లెక్కపెట్టావు. రెండూ కలిస్తేనే ఒక ఏడాది.”

“ఓహో. అయితే సగమా?” నవీన్‌బాబు వేళ్లు మడిచాడు. “ఇరవై ఆరు.”

 భారతీదేవిగారు బల్ల మీదికి వంగి, వేలు పెట్టి, పైకే లెక్కపెట్టారు. నేను చెప్పినట్టే బెరడు నుంచి లోపలికి, చిల్లుల వరసలు పట్టుకుని లెక్కపెట్టారు. ఒక్క తప్పు చెయ్యలేదు. ఇరవై ఆరు దగ్గర వేలు నడిమధ్యకొచ్చి ఆగింది. రెండో పక్క నుంచి మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అక్కడే ఆగింది.

మాస్టారు జేబులోంచి గుండుసూదులు తీసి చుట్ల మీద గుచ్చుతూ వెళ్లారు. “ఈ పదహారోది చూడండి, దారం. 2009. ఆ యేడు వానల్లేవు. ఇరవై మూడోది ఇంకా సన్నం. 2002.”

“2002లో మా పత్తి మొలకలోనే పోయిందండీ,” అన్నాడు ఒకాయన.

“సరిపోయింది. కరువులు కూడా ఎక్కడివక్కడ పడ్డాయి. లెక్కలో తప్పు లేదు.” మాస్టారికి అది సంతోషమో విచారమో తెలియలేదు. ఆ ఇరవై మూడోదానికి లోపల మూడంటే మూడు చుట్లున్నాయి.

“చూశావా అమ్మాయ్,” అన్నారు వరప్రసాదరావుగారు మెల్లగా. “పంపకాలైన ఐదేళ్లకి నాటింది.”

“కాదు బావగారూ. నేను నీళ్లు పోశా. బిందె చంకన పెట్టుకుని వాగు నుంచి తెచ్చి పోశా.”

“నీ మాట ఒకలా ఉంది, చెట్టు మాట ఇంకోలా ఉంది. నన్ను దేన్ని నమ్మమంటావ్? ఎంచుకున్నదీ నువ్వే, లెక్కపెట్టుకున్నదీ నువ్వే.”

ఆవిడ నా వైపు తిరిగారు. “మేస్త్రిగారూ, ఎక్కడన్నా పొరపాటు ఉంటే చెప్పండి. మీరు లేదంటే నేను సంతకం పెట్టేస్తా.”

నేను బిళ్ల వైపు చూస్తున్నాను. మాస్టారు భూతద్దం పెట్టి నడిమధ్యని చూస్తున్నారు.

“మేస్త్రీ, నాకో అనుమానం. లోపలి మూడు చుట్లూ వేలెడేసి వెడల్పున్నాయి. ఈ మెరకలో నాటిన మొక్క మొదటి ఏళ్లలోనే ఇంత ఎదుగుతుందా?”

నాటిన మొక్క ఎదగదు. మోడు పిలక ఎదుగుతుంది. అడితిలో చేరిన మొదటి ఏడాదే తెలుస్తుంది ఆ సంగతి. ఆ మాట నాలిక మీదికొచ్చింది. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. అరగంట ముందు వాళ్లు నన్ను ఎలా చూశారో అలాగే చూస్తున్నారు.

“ఆ ఏళ్లలో వానలు బాగా పడి ఉంటాయండి,” అన్నాను.

మాస్టారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. భారతీదేవిగారు సంతకం పెట్టారు. బోరు స్టార్టరు డబ్బాకి ఆ సాయంత్రమే కొత్త తాళం పడింది.

రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఒంట్లో బాగోలేదా అని మా ఆవిడ అడిగింది. చెప్పలేదు. మూడోరోజు పొద్దున చొక్కా వేసుకుని వరప్రసాదరావుగారింటికి వెళ్లాను. మాస్టారు అక్కడే ఉన్నారు. కాలేజీలో పిల్లలకి చూపించడానికి బిళ్ల తీసుకెళ్తానని అడగడానికొచ్చారు. నవీన్‌బాబు చెట్టు కోసిన కూలి డబ్బులకొచ్చాడు. నిలబడే చెప్పాను. 1999 దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఒక్కటే దాచాను. చెట్టు ఎంచుకున్నప్పుడు నాకు గుర్తు లేదని, లెక్క అయిపోయాక ఇంటికెళ్తే గుర్తొచ్చిందని చెప్పాను.

ముందు నవీన్‌బాబు నవ్వాడు. “ఒక్క గుంజ ఎత్తుకుపోయి పాతికేళ్లు కడుపులో పెట్టుకున్నావా మేస్త్రీ? ఇంకేమేం ఉన్నాయి అందులో?”

వరప్రసాదరావుగారు నవ్వలేదు. “ఎన్ని గ్లాసుల మజ్జిగ తాగొచ్చావోయ్ ఆవిడింట్లో?”

“ఆ ఇంటికి వెళ్లలేదండి. తవ్వించి చూడండి. మొదలు పక్కన పాత మోడు ఉంటుంది. టేకు చేవ పుచ్చదు. దాంట్లో పది చుట్లుంటాయి. పదీ ఇరవై ఆరూ ముప్పయ్యారు.”

“తవ్వడానికి అక్కడేముంది? నిన్న హద్దు రాళ్లు పాతడానికి జేసీబీ వచ్చింది. బండి దారికని టేకు గట్టు చివర చదును చేస్తూ ఆ మొద్దు కూడా లాగేశాడు. ఇటికల బట్టీవాడు పట్టుకుపోయాడు.”

కావాలని చేయించారని నేననను. ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను.

“ఆ గుంజో?” అన్నారు మాస్టారు ఆదుర్దాగా. “గుంజ ఉందా మేస్త్రీ? దాంతో కొంతైనా...”

“పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు పొయ్యిలోకి పోయిందండి.”

“బావుంది,” అన్నారు వరప్రసాదరావుగారు. “మొద్దు లేదు, గుంజ లేదు. నోరొక్కటి ఉంది. అదీ మొన్న లేదు, ఇవాళ వచ్చింది.”

“ఇంకొక్క చెట్టు కోద్దామండీ,” అన్నారు మాస్టారు. “పదమూడున్నాయి. ఏదో ఒకటి. తేలిపోతుంది.”

“మాస్టారూ. ఒక్క చెట్టు, ఒక్క లెక్క, రెండో మాట లేదు. రాసింది మీ చేత్తోనే. కర్ర అబద్ధం చెప్పదని ఊరందరి ముందూ చెప్పింది ఈ మేస్త్రే. ఇప్పుడు ఒప్పుకున్న దొంగ మాట విని నా చెట్లు నేను కొట్టించుకోవాలా? మీరే చెప్పండి, న్యాయమేనా?”

మాస్టారు లేచారు. బిళ్లని గోనెపట్టాలో చుట్టి స్కూటరు ముందు పెట్టుకున్నారు. వీధిలోకొచ్చాక నా పక్కన బండి ఆపారు.

“నేను అడిగా కదయ్యా. లోపలి చుట్లు అంత వెడల్పున్నాయేంటని అడిగా కదా.”

“అప్పుడు తోచలేదండి.”

ఆయన నా మొహంలోకి చూశారు. “కర్ర నిజమే చెప్పింది. మనం కోసినచోట ఎన్నేళ్ల నుంచి పెరుగుతోందో చెప్పింది. నాటింది ఎప్పుడో దాన్నడిగితే అదేం చెబుతుంది? అది నాకు తట్టాల్సింది. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పా.” బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు. బిళ్ల పిల్లలకి చూపించారో లేదో నాకు తెలియదు.

వారం తిరక్కుండా జగ్గయ్యపేట దాకా వెళ్లింది సంగతి. పెద్ద దుంగలు దిగినప్పుడు అడితి నుంచి ఫోను చేసి, వచ్చి కర్ర చూసిపొమ్మని పిలిచేవారు. పిలవడం మానేశారు. మా ఆవిడ నాతో మాట్లాడటం తగ్గించింది. నేను దొంగనని కాదట. ఇల్లు పడగొట్టేదాకా ఆ గుంజ పక్కనే పడుకుని, పాతికేళ్లు తనకి చెప్పనందుకట.

భారతీదేవిగారి దగ్గరికి వెళ్లడానికి ఇంకో నెల పట్టింది. జనవరిలో ఒకరోజు పొద్దున చేలో ఉన్నారంటే వెళ్లాను. మూడెకరాల మిరపా తలలు వేలాడేసి ఉంది. ఆకు ముడుచుకుని, కాయ పచ్చిగా ఉండగానే తెల్లబారిపోయింది. ఆవిడా, ఇద్దరు కూలిమనుషులూ మొక్కలు పీకుతున్నారు. కంది వేద్దామన్నా కాలం దాటిపోయింది.

నేను గట్టు దిగి నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తి చూసి మళ్లీ వంగారు. రెండు మొక్కలు పీకాక అడిగారు.

“లెక్క అయ్యాక గుర్తొచ్చిందని చెప్పారంట కదా. నేను చెట్టు మీద చెయ్యేసి మిమ్మల్ని అడిగా. అప్పుడు తెలీదా మీకు?”

“తెలుసమ్మా.”

“మాస్టారు వెడల్పు సంగతి అడిగినప్పుడు?”

“తెలుసు.”

ఆవిడ చేతిలో మొక్క వేళ్ల మట్టి దులిపి కుప్ప మీదికి విసిరారు. “ఊళ్లో ఒక్కొక్కళ్లూ వచ్చి ఒక్కో మాట చెప్పారు నాకు. ఎవర్నీ నమ్మలా. మీరు ఊరికే మాట్లాడే మనిషి కాదు. తప్పుంటే చెప్తారు, లేదు కాబట్టే ఊరుకున్నారు అనుకుని సంతకం పెట్టా. మా ఆయనే పొరపాటు చెప్పారేమో, నేను నీళ్లు పోసింది వేరే మొక్కలకేమో అని కూడా అనుకున్నా. మూడు రోజులు మా ఆయన్ని అనుమానించా మేస్త్రిగారూ, పోయిన మనిషిని.”

 పక్క సాలులో వంగి ఒక మొక్క మొదలు పట్టుకున్నాను.

“వద్దు,” అన్నారు.

“ఒక్క సాలన్నా పీకి...”

“మా చేలో చెయ్యి పెట్టొద్దండి. వెళ్లండి.”

కూలిమనుషులు పని ఆపి చూస్తున్నారు. నేను మొక్క వదిలేశాను. అరిగిన గట్టు మీద కొత్త రాళ్లు పాతి, సున్నం కొట్టి ఉన్నాయి. వాటికి అవతల మోటారు నడుస్తోంది. గొట్టంలోంచి నీళ్లు నిండుగా దూకి వరప్రసాదరావుగారి చేలోకి పారుతున్నాయి. నేను రాళ్ల వెంట నడిచి రోడ్డెక్కాను.